సెప్టెంబరు 28 బోర్డు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

నల్లకుంట_పఠనాలయం
మా పఠనాలయం గేటు పక్కన 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉన్న నల్లబోర్డు ఉంది. రోజూ 'చరిత్రలో ఈ రోజు' రాస్తాం. సెప్టెంబరు 28కి వాట్సాప్‌లో మూడు జాబితాలు వచ్చాయి, మూడూ మూడు రకాలు. భగత్ సింగ్ జయంతి ఒకదాంట్లో 27, ఇంకోదాంట్లో 28. పెన్సిలిన్ కనుక్కున్నది ఒకచోట సెప్టెంబరు 3, మరోచోట 28. 1908 మూసీ వరద ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో వచ్చిందని ఒకరు రాశారు. చనిపోయినవాళ్లు 15,000 అని ఒక జాబితా, 50,000 అని ఇంకోటి. ఫాల్కన్ రాకెట్ 28నా, 29నా? సర్జికల్ స్ట్రైక్స్ 28నా, 29నా? పొద్దున బడికెళ్లే పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకుంటారు కాబట్టి తప్పు రాయడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు ఒక్కొక్కటీ తేల్చిపెట్టండి.

గడియారం_శాస్త్రి
ఒక్కొక్క తేదీకీ మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఏ క్యాలెండరు తేదీ? ఏ ఊరి గడియారం ప్రకారం? జరిగిన రోజా, బయటపడిన రోజా, ప్రకటించిన రోజా? మీరు అడిగిన తగాదాల్లో చాలామటుకు ఈ మూడింటితోనే విడిపోతాయి.

స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ ఫాల్కన్ 1 సంగతి గడియారం తగాదా. ఎగిరింది అంతర్జాతీయ సమయం ప్రకారం 2008 సెప్టెంబరు 28 రాత్రి 11:15కి. మన గడియారంలో అప్పుడు 29 తెల్లవారుజాము 4:45. ఎగిరిన చోటు పసిఫిక్‌లోని క్వాజలిన్ దీవులు, అక్కడైతే 29 మధ్యాహ్నానికి దగ్గర. రెండు తేదీలూ సరైనవే. అంతరిక్ష ప్రయోగాలకు అంతర్జాతీయ సమయమే వాడతారు కాబట్టి 28 అని రాయొచ్చు.

సర్జికల్ స్ట్రైక్స్ జరిగింది 2016 సెప్టెంబరు 28, 29 మధ్య రాత్రి, సైన్యం ప్రకటించింది 29న. '28 అర్ధరాత్రి' అని మాత్రం రాయకండి. 28 మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా అన్నది చదివేవాడికి తెలియదు. '28-29 రాత్రి' అంటే గొడవ లేదు.

పాతబస్తీ_పోరడు
మిగతాయి తర్వాత చూద్దాం గని, హైదరాబాద్‌ల ఉండి సెప్టెంబరు 28 అంటె ముందుగాల మూసీ వరద రాయాలె. అది రాసినంక జాగ మిగిలితె రాకెట్లు రాయుండ్రి.

1908ల గద్దె మీద ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చింది 1911ల. గా జాబితా తప్పు, కొట్టేయుండ్రి.

చింతచెట్టు
పైన చెప్పింది నిజం. ఆ ఒక్క తప్పు వెనకే ఇంకో తప్పు కూడా వస్తుంది, చూసుకోండి. 'ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు' అని అందరూ రాస్తారు. చెట్టు నిజం, మనుషులు నిజం. కానీ 1908లో ఆ పేరుతో ఆస్పత్రే లేదు. అప్పుడది అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. ఇప్పుడు మనం చూసే గుమ్మటాల భవనం వరద తర్వాత కట్టింది. 'నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు' అని రాస్తే ఒక్క 'నేటి'తో సరిపోతుంది.

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కూడా అంతే. వరదను అవి ఆపలేకపోయాయని రాసినవాళ్లున్నారు. ఆపడానికి అవి అప్పుడు లేవు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ వరద వల్లే అవి పుట్టాయి.

కేవీ_రామంతాపూర్
150 మంది ఒక చెట్టు మీదా? నమ్మేలా లేదు.

చింతచెట్టు
@కేవీ_రామంతాపూర్ ఆ చెట్టును ఒకసారి చూసి రండి. ముదురు చింత కొమ్మలు అడ్డంగా బారలు బారలు సాగుతాయి, తాడులా వంగుతాయి తప్ప ఒక పట్టాన విరగవు. వేపో మునగో అయితే కథ వేరేగా ఉండేది. ఏటా ఈ రోజున ఆ చెట్టు కింద జనం కలుసుకుంటారు, ఆ మాట కూడా బోర్డు మీద పెట్టొచ్చు.

చెరువుగట్టు
వరద అనగానే 'మూసీ పొంగింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎందుకు పొంగిందో పిల్లలకు తెలియాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి లెక్కలు తీశారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. మిల్లీమీటర్లలో 325, 480. ఇది సగం కారణమే. నగరానికి ఎగువన ఈ నదికి నీరొచ్చే ప్రాంతంలో 788 చెరువులుండేవి. దాదాపు చదరపు మైలుకొకటి. ఆ రెండు రోజుల్లో 221 చెరువులు తెగాయి. అందులో మూసీలో కలిసే ఈసీ నది వైపు 182, మూసీ వైపు 39.

మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. మామూలు వానకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ పై చెరువు అలుగు పారడం కాకుండా కట్టే తెగిపోతే, నెలల తరబడి నిలవున్న నీళ్లన్నీ గంటల్లో కిందికి దూకుతాయి. కింది చెరువు అలుగు అంత నీటికి కట్టింది కాదు. నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే వెనకవైపు వాలు కోసుకుపోతుంది, ఆ కట్ట కూడా పోతుంది. అలా ఒకదాని వెనక ఒకటి. మూసీ, ఈసీ కలిసే సంగమం లంగర్‌హౌజ్ దగ్గర, అంటే ఊరి నెత్తిమీద. రెండు పాయల వరదా అక్కడ కలిసి పురానాపూల్ వైపు వచ్చింది. విశ్వేశ్వరయ్య అంచనాలో ప్రవాహం 4,25,000 క్యూసెక్కులు, సెకనుకు సుమారు 12,000 ఘనమీటర్లు.

అందుకే ఆయన నగరంలో గోడలు కట్టడంతో ఆగిపోలేదు. ఊరికి ఎగువనే వరదను పట్టి మెల్లగా వదిలే రెండు జలాశయాలు ఉండాలన్నారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. బోర్డు మీద '221 చెరువులు తెగాయి' అన్న మాట తప్పకుండా ఉండాలి.

పాతబస్తీ_పోరడు
@చెరువుగట్టు మంచిగ చెప్పినవన్నా. బ్రిడ్జిల సంగతి గూడ కలుపు. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ మూడు కొట్టుకపోయినయి. నిలవడ్డది పురానాపూల్. కుతుబ్‌షాహీల కాలంల, 1578ల కట్టింది.

నల్లకుంట_పఠనాలయం
మరణాల సంఖ్య ఏం రాయమంటారు? 15,000నా, 50,000నా?

ఫసలీ_1317
'సుమారు 15,000 మంది అని అంచనా' అనండి. ఎక్కువగా చెప్పే అంకె అదే. 'అంచనా' అన్న మాట వదలొద్దు. వరద ఊళ్లోకి వచ్చింది తెల్లవారుజామున, ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు ఇళ్లతో సహా పోయారు. తలలు లెక్కపెట్టే వీలే లేని విపత్తు అది. 50,000 అన్నది పై అంచనా, దాన్నే ఖాయమైన సంఖ్యలా రాస్తే తప్పవుతుంది.

ఒక మనిషి పేరు కూడా చేర్చండి. రుబాయీల (నాలుగు పాదాల ఉర్దూ పద్యాల) కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. వేల సంఖ్య కంటే ఆ ఒక్క వాక్యం గుండెకు తగులుతుంది.

కేవీ_రామంతాపూర్
ఇంతకీ 28 అన్న తేదీ ఖాయమేనా? ఉర్దూ కాగితాల్లో రంజాన్ 1 అని ఉంటుందంటారు, లెక్క వేస్తే 27 వస్తోంది.

ఫసలీ_1317
@కేవీ_రామంతాపూర్ ఇక్కడే చాలామంది పడతారు. నిజాం కాలపు హైదరాబాద్‌లో మూడు క్యాలెండర్లు నడిచేవి. వరద రోజునే తీసుకుని చూద్దాం.

ఇంగ్లీషు తేదీ: 1908 సెప్టెంబరు 28, సోమవారం.

ఫసలీ: ఇది రెవెన్యూ, దఫ్తరు లెక్క. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలై ఆబాన్‌తో ముగుస్తుంది. కాబట్టి సెప్టెంబరు తేదీ అయితే ఇంగ్లీషు ఏడాది నుంచి 591 తీసేయాలి. ఆజర్ మొదలయ్యాక డిసెంబరు దాకా 590 తీసేయాలి. 1908 లోంచి 591 పోతే 1317. వరద వచ్చింది 1317 ఫసలీ ఆబాన్‌లో. ఏడాది పొడుగునా 590 తీసేసేవాళ్లు 1318 అని రాసి ఒక ఏడు తప్పుతారు.

హిజ్రీ: 1326 రంజాన్. లెక్క పట్టికలో 28వ తేదీకి రంజాన్ 2 వస్తుంది. నెలవంక ఒకరోజు ఆలస్యంగా కనబడిన ఊళ్లో అదే రోజు రంజాన్ 1. పట్టిక లెక్కతో కట్టింది, నెల మొదలయ్యేది చంద్రుణ్ణి కంటితో చూశాక. అందుకే పట్టికతో మార్చిన హిజ్రీ తేదీకి అటూ ఇటూ ఒకరోజు వదలాలి. పైగా ఆ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 27 రాత్రి కురిసిన వాన హిజ్రీలో మర్నాటి ఖాతాలోకే వెళ్తుంది.

వారంతో సరిపెట్టుకోండి. మూడు క్యాలెండర్లలోనూ మారనిది వారం ఒక్కటే. కాగితం మీద దోషంబా అని ఉంటే అది సోమవారం, సోమవారమంటే 28.

పంచాంగం_పద్మ
తెలుగు లెక్క కూడా కలుస్తోంది. కీలక నామ సంవత్సరం. ఆ సెప్టెంబరు 25న అమావాస్య, కాబట్టి 28 నాటికి ఆశ్వయుజ మాసం మొదలై రెండు మూడు రోజులైంది, దసరా నవరాత్రులు నడుస్తున్నాయి. ఒకవైపు రంజాన్ నెల మొదలు, ఒకవైపు నవరాత్రులు. ఊరంతా పండగ వాతావరణంలో ఉండగా వచ్చింది వరద.

ఏటా తిథి ప్రకారం గుర్తు చేసుకోవాలంటే మాత్రం సెప్టెంబరు 28కి కుదరదు. తిథి ఏటా జరుగుతుంటుంది. బోర్డు ఇంగ్లీషు తేదీది కాబట్టి తిథి రాయకపోయినా లోటు లేదు.

గడియారం_శాస్త్రి
వారం సరిచూసే పద్ధతి చెప్తాను, పిల్లలకు కూడా నేర్పండి. ఏడాదికి వారం ఒకరోజు ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు. 1908 సెప్టెంబరు 28 నుంచి 2008 సెప్టెంబరు 28 దాకా 100 ఏళ్లు, మధ్యలో ఫిబ్రవరి 29లు 25. మొత్తం 125. ఏడుతో భాగిస్తే శేషం 6. సోమవారానికి ఆరు కలిపితే ఆదివారం. 2008లో అది ఆదివారమే. లెక్క కుదిరింది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే 1900 దగ్గర. అది నాలుగుతో భాగించబడినా లీపు సంవత్సరం కాదు, 400తో భాగించబడాలి. 1895 నుంచి 1995కి లెక్క వేస్తే ఫిబ్రవరి 29లు 25 కాదు, 24 మాత్రమే. 124కి శేషం 5. 1995 సెప్టెంబరు 28 గురువారం, ఐదు వెనక్కి వెళ్తే 1895లో శనివారం.

జాషువా_వీధి
ఆ 1895 శనివారం గురించే చెబుదామనుకుంటున్నా! గుఱ్ఱం జాషువా వినుకొండలో పుట్టింది 1895 సెప్టెంబరు 28న. లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో కన్నుమూసిందీ అదే రోజు. ఒకే శనివారం. తెలుగు బోర్డు మీద ఈ జంట లేకపోతే ఎలా? మనిషిని మనిషి అంటరానివాడన్న లోకం మీద పద్యంతో పోరాడినవాడు పుట్టిన రోజే, కంటికి కనిపించని క్రిములతో పోరాడినవాడు వెళ్లిపోయాడు.

ఒక జాగ్రత్త. జాషువా పుట్టిన ఊరికి జిల్లా పేరు రాయకండి. వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లా, 2022 దాకా గుంటూరు జిల్లా. పిల్లలు పాత పుస్తకంలో ఒకటి చూసి, బోర్డు మీద ఇంకోటి చూసి ఏదో ఒకటి తప్పనుకుంటారు. 'వినుకొండ' చాలు.

నారాయణగూడ_నర్సు
పాశ్చర్ పేరు రాస్తే పక్కనే 'ప్రపంచ రేబిస్ దినం' అని కూడా రాయండి. ఆయన వర్ధంతి అనే ఈ రోజును పాటిస్తున్నారు. అదే చోట ఉపయోగపడే ముక్క ఒకటి: కుక్క కరిచిన చోట పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి, ఆ రోజే టీకాకి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వాటివల్ల గాయం రేగుతుంది, కడగాల్సిన సమయం పోతుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, టీకా పనిచేసేది అంతకు ముందే. గాయం చిన్నదని ఊరుకోవద్దని పెద్ద అక్షరాల్లో రాయండి.

పెట్రీ_పళ్లెం
పెన్సిలిన్ తగాదా నేను తీరుస్తా. ఫ్లెమింగ్ సెలవుల నుంచి లండన్ ప్రయోగశాలకు తిరిగొచ్చింది 1928 సెప్టెంబరు 3న. బూజు పట్టిన పళ్లెం ఆ తర్వాత కంటబడింది. 28 అన్నది సంప్రదాయంగా చెప్పుకునే తేదీ. అచ్చులో వచ్చింది 1929లో. గడియారం_శాస్త్రి గారి మూడో ప్రశ్నే ఇక్కడ వర్తిస్తుంది. '1928 సెప్టెంబరులో' అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు. మీ బోర్డు 28 కోసం కాబట్టి '28న అని ప్రసిద్ధి' అనాలి.

'కిటికీ తెరిచి ఉంది, బూజు వచ్చి పడింది, సూక్ష్మజీవులు చచ్చాయి' అని చెబుతారు కదా, అది అంత తేలిగ్గా కుదరదు. ఆ పళ్లెంలో పెంచిన సూక్ష్మజీవి స్టాఫిలోకాకస్. బాగా పెరిగి ముదిరిన దాని మీద బూజు వేస్తే ఏమీ కాదు. పెన్సిలిన్ దెబ్బతీసేది పెరుగుతున్న సూక్ష్మజీవినే, అది తన కణం చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది. కాబట్టి ముందు బూజు పెరగాలి, తర్వాత సూక్ష్మజీవి. బూజుకు చల్లదనం ఇష్టం, సూక్ష్మజీవికి వెచ్చదనం. ఆ ఏడు లండన్‌లో ముందు కొన్ని రోజులు చల్లబడి, తర్వాత వేడెక్కింది. పళ్లెం బల్లమీదే ఉండిపోవడం వల్ల ఆ వరస కుదిరిందని తర్వాత ప్రయోగం చేసి చూపించారు. వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టి ఉంటే మనకు బూజు చుట్టూ సూక్ష్మజీవులు చచ్చిన ఆ మచ్చ కనిపించేదే కాదు.

కేవీ_రామంతాపూర్
@పెట్రీ_పళ్లెం ఖాయం కాని తేదీని బోర్డెక్కించడం దేనికి? తీసేయడమే మేలు. భగత్ సింగ్‌ది కూడా.

జాషువా_వీధి
@కేవీ_రామంతాపూర్ భగత్ సింగ్‌ని తీసేయడానికి నేను ఒప్పుకోను. 1907లో లాయల్‌పూర్ జిల్లా బంగాలో పుట్టాడు, అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. పుస్తకాల్లో 27, 28 రెండూ కనిపిస్తాయి. '1907 సెప్టెంబరు 27/28' అని గీత పెట్టి రాయండి. తేదీ మీద అనుమానముంటే అనుమానంతోనే రాద్దాం, మనిషిని ఎందుకు వదులుకోవాలి?

సైకిల్_సుబ్బు
1066లో విలియం ఇంగ్లండ్‌లో దిగింది కూడా సెప్టెంబరు 28 అంటారు. అది ఉంచొచ్చా?

గడియారం_శాస్త్రి
@సైకిల్_సుబ్బు అది పాత జూలియన్ క్యాలెండరు 28. ఇప్పటి లెక్కలో అక్టోబరు 4. 1582కి ముందటి యూరప్ తేదీలను మార్చకుండా పాతవాటినే రాయడం ఆనవాయితీ కాబట్టి తప్పేం కాదు. కానీ నల్లకుంటలో బస్సు కోసం నిలబడ్డ పిల్లాడికి అదెందుకు? దానికి బదులు 1889 పెట్టండి. తూనికలు, కొలతల మొదటి అంతర్జాతీయ మహాసభ పారిస్‌లో సెప్టెంబరు 28న ముగిసింది. ప్లాటినం 90 పాళ్లు, ఇరిడియం 10 పాళ్లు కలిపిన కడ్డీ మీద రెండు గీతల మధ్య దూరాన్ని, మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర, మీటరు అన్నారు. మన చేతిలో స్కేలుకి అదే తాత.

తార్నాక_తార
ఫాల్కన్ కంటే ముందు మన ఆస్ట్రోశాట్ రాయాలి. 2015 సెప్టెంబరు 28 పొద్దున 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద ఎగిరింది. భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున ఉండి అతినీలలోహిత కాంతినీ, ఎక్స్ కిరణాలనూ ఒకేసారి చూసే మన మొదటి అంతరిక్ష అబ్జర్వేటరీ. ఇక్కడ గడియారం తగాదా కూడా లేదు, మన సమయంలో చూసినా అంతర్జాతీయ సమయంలో చూసినా 28వ తేదీయే.

సైకిల్_సుబ్బు
లతా మంగేష్కర్ 1929. పూరీ జగన్నాథ్ 1966. 1982లో అభినవ్ బింద్రా, రణ్‌బీర్ కపూర్ ఒకే రోజు. ఇవి లేకుంటే పిల్లలు ఆగి చూడరు!

బోర్డు_బాషా
జాగ లెక్క చూసుకోండి ముందు. బోర్డు ఎత్తు 91 సెంటీమీటర్లు. పైన కింద అంచులకు 8, శీర్షికకు 10 పోతే మిగిలేది 73. రోడ్డు అవతలి నుంచి చదవాలంటే అక్షరం 3 సెంటీమీటర్లు ఉండాలి. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసకు 6 సెంటీమీటర్లు వదలాలి. ఇంగ్లీషులా 4 వదిలితే 'ష్ట్ర' వత్తు కింది వరుస గుడిలో దిగబడుతుంది. అంటే 12 వరుసలు, వరుసకు 35 అక్షరాలు. వరదకు 4, మిగతావాటికి తలా 2 ఇస్తే ఇంకో నాలుగే పడతాయి. పుట్టినరోజులు అడుగున చిన్న చీటీ మీద రాసి అంటించండి.

తడిబట్టతో తుడిచి వెంటనే రాయొద్దు. తేమ మీద చాక్‌పీసు సగమే పడుతుంది, ఆరాక తెల్లచారలు తేలతాయి. ముందురోజు రాత్రి కడిగి పెట్టండి.

నల్లకుంట_పఠనాలయం
వరద, జాషువా-పాశ్చర్ జంట రేబిస్ ముక్కతో సహా, భగత్ సింగ్, ఆస్ట్రోశాట్, మీటరు. పెన్సిలిన్ చీటీలోకి వెళ్తోంది, పుట్టినరోజులతో పాటు. వరద నాలుగు వరుసలు ఇలా రాశాను, చూడండి:

'1908, సోమవారం: మూసీ మహావరద.
ఎగువన 221 చెరువులు తెగాయి.
మృతులు సుమారు 15,000 అని అంచనా.
అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి చింత 150 మందిని కాచింది.'

పాతబస్తీ_పోరడు
అమ్జద్ సాబ్ యాడ పోయిండు?

నల్లకుంట_పఠనాలయం
వరుస చాల్లేదు.

ఫసలీ_1317
మీటరు తీసేయండి. ఆ రెండు వరుసలూ అమ్జద్‌కి ఇవ్వండి.

గడియారం_శాస్త్రి
ఇవ్వండి. మీటరు చీటీలో సర్దుకుంటుంది.

బోర్డు_బాషా
నాలుగో వరుస 35 అక్షరాలకు సరిపోతుంది గానీ, మొదటి వరుసలో 'సోమవారం' తర్వాత రెండు చుక్కలు దట్టంగా పెట్టండి. దూరం నుంచి చూస్తే సున్నాలో కలిసిపోతాయి.

చింతచెట్టు
'అఫ్జల్‌గంజ్' ముందు 'నాటి' పెట్టండి. లేకపోతే ఆ ఆస్పత్రి ఎక్కడుందని పిల్లలు అఫ్జల్‌గంజ్ అంతా వెతుక్కుంటారు.

నల్లకుంట_పఠనాలయం
పెట్టాను.